మధ్యాహ్నం కొలవని గీత

పులివెందుల జట్టులో ఆడిన ఓబులేసు అనే మనిషిని జమ్మలమడుగు మైదానంలో నేను రనౌట్ ఇచ్చాను. అతను అవుట్ కాదు. నేనెత్తిన ఆ ఒక్క వేలుతో అతని ఆట పోయింది, పేరు పోయింది, ప్రొద్దుటూరుకు కప్పు వచ్చింది. నేను ప్రొద్దుటూరు వాడిని.

ఇది ముందు చెప్పకుండా మిగతాది ఎంత చెప్పినా సొంత డబ్బా కొట్టుకున్నట్టే. పాత అంపైర్లు తమ కథ మొదలుపెట్టేటప్పుడు తాము నిలబడిన పెద్ద మ్యాచ్‌ల పేర్లు చెబుతారు. నాకు అట్లాంటివి లేవు. నేను తెల్లకోటు వేసుకుని నిలబడింది ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మైదానాల్లోనే. అక్కడ చేసిన తప్పులే నాకు బడి. ఈ పనిలోకి కొత్తగా దిగుతున్నవాళ్లకు పనికొచ్చేవి కూడా అవే.

"అంపైరు కూడా మనిషే కదా" అనే మాట ఈ మధ్య ఎక్కువగా వింటున్నాను. వింటే ఒళ్లు మండుతుంది. మనిషి కాబట్టే నోరుంది. తప్పు చేసినప్పుడు ఆ నోరు తెరవకపోతే మనిషికీ, మైదానం అంచున పాతిన జెండా కర్రకూ తేడా ఏముంది?

కాటా దగ్గరి చదువు

ఆంధ్ర రాష్ట్రం వచ్చి కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు. ప్రొద్దుటూరులో ఒక పత్తి మిల్లులో కాటా చూసే పని నాది. బండ్ల మీద వచ్చిన పత్తి బోరాలను తూచి బరువు చెప్పాలి. ఊళ్లో నన్ను కాటా సుబ్బన్న అనేవాళ్లు. బడి చదువు ఎనిమిదో తరగతి దగ్గర ఆగింది. ఆదివారాలు హైస్కూలు మైదానంలో వకీళ్లు, గుమాస్తాలు, బడి అయ్యవార్లు క్రికెట్ ఆడుతుంటే గట్టు మీద కూర్చుని చూసేవాణ్ని. ఆడటం నాకు చేతకాదు. చూడటం చేతనవుతుంది.

ఆ సంగతి హైస్కూలు డ్రిల్లు మేష్టరు ఖాదర్ సాయిబు కనిపెట్టాడు. ఒక ఆదివారం అంపైరు రాలేదు. ఆయన గట్టు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"కాటా కాడ ముల్లు యాడ నిలబడితే ఆడే చెప్తావంట గదా, రైతుకైనా షావుకారుకైనా?"

"అవును సార్."

"ఈడ గూడా అంతే. లే. కోటేసుకో."

ఆ కోటు ఆసుపత్రి కాంపౌండరు దగ్గర అరువు తెచ్చింది. మందుల వాసన. నేను అంపైరునయింది అట్లా.

ఖాదర్ సాయిబు దగ్గర ఆట నిబంధనల పుస్తకం ఒకటి ఉండేది, ఇంగ్లీషులో. నిఘంటువు పక్కన పెట్టుకుని కొద్దికొద్దిగా చదివాను. ఎల్బీడబ్ల్యూ నిబంధన ఒక పేజీ అడుగున మొదలై వెనక పేజీలో పూర్తవుతుంది. నేను ముందు పేజీ వరకు చదివి ఆదివారం మైదానానికి పోయాను. బంతి ఎక్కడ పడింది, వికెట్ల మీదికి పోతోందా లేదా అన్న పేచీ లేదు. కాలికి తగిలిన ప్రతివాణ్నీ అవుట్ ఇచ్చాను. పోస్టాఫీసు గుమాస్తా ఒకాయన బ్యాటు చంకన పెట్టుకుని పోతూ పోతూ, "ఏం సుబ్బన్నా, కాళ్లు ఇంట్లో పెట్టి రమ్మని ముందే చెప్పాల్సింది" అన్నాడు. సాయంత్రం ఖాదర్ సాయిబు నా చేతిలోంచి పుస్తకం తీసుకుని, పేజీ తిప్పి, మళ్లీ నా చేతిలో పెట్టాడు. తిట్టి ఉంటే మరిచిపోయేవాణ్నేమో.

ఇంకొకసారి చింతగింజలు మోసం చేశాయి. ఓవరులో బంతులు లెక్కపెట్టడానికి చింతగింజలు ఒక జేబులోంచి ఇంకో జేబులోకి మార్చుకునేవాణ్ని. కాంపౌండరు కోటు జేబుకు చిల్లుంది. గింజలు జారిపోతూనే ఉన్నాయి, ఓవరు సాగుతూనే ఉంది. చివరికి బౌలరు ఆయాసపడుతూ నా పక్కన ఆగి, "అప్పా, ఈ ఓవరు అయిపోయేలోపల నాకు పెండ్లీడు దాటేట్టుండాది" అన్నాడు. నవ్వులు. ఆ రాత్రి జేబు కుట్టుకున్నాను. ఆ తరువాత కోటు తొడుక్కునే ముందు జేబులో చెయ్యి పెట్టి తడిమి చూడటం అలవాటయింది.

ఇవి నవ్వుకుని దులిపేసుకునే తప్పులు. వీటివల్ల ఒక ఆదివారం పాడవుతుంది, ఇంకో ఆదివారం వస్తుంది. ఓబులేసుది అట్లాంటిది కాదు.

చాప సంగతి

ఇప్పటివాళ్లకు మా మైదానం ఎట్లా ఉండేదో చెప్పాలి. పచ్చిక లేదు. జమ్మలమడుగులో పెన్న ఒడ్డు దాటి వస్తే నల్లరేగడి నేల. వాన పడితే బంక, ఎండితే బీటలు. దాని మీద కొబ్బరి పీచుతో నేసిన పొడవాటి చాప పరిచి, చుట్టూ ఇనుప మేకులు కొట్టేవాళ్లం. బంతి పడేది ఆ చాప మీదే. చాప రెండు చివర్లా వికెట్ల దాకా రాదు, కొంచెం ముందే ఆగుతుంది. క్రీజు గీత మాత్రం చాప మీదే ఉంటుంది, తెల్లరంగుతో.

వికెట్లు పాతే దూరం కొలవడానికి తాలూకా కచేరీ నుంచి భూమి కొలిచే గొలుసు తెచ్చేవాళ్లు. ఆ గొలుసు పొడవూ పిచ్ పొడవూ ఒక్కటే. వికెట్ల నుంచి క్రీజు గీత నాలుగడుగులు. దానికి నా దగ్గర ఒక పురికొస ఉండేది, పత్తి బోరాలు కుట్టేది. నాలుగడుగుల దగ్గర ముడి. పొద్దున ఆట మొదలయ్యే ముందు రెండు వైపులా పురికొస పెట్టి, గీత ముడి కింద పడేదాకా చాపను జరిపించి, అప్పుడు మేకులు కొట్టించేవాణ్ని. ఇంత శ్రద్ధ మూడూళ్లలో ఏ అంపైరుకూ లేదని నాకు లోపల కాస్త గర్వం. ఆ గర్వమే నన్ను ముంచింది.

నల్లరేగడిలో మేకు నిలవదు. ఎండ ఎక్కేకొద్దీ బీటలు విచ్చుకుని వదులవుతుంది. బౌలర్లు పరిగెత్తి పరిగెత్తి చాప ముడతలు పడుతుంది.

మూడూళ్ల మధ్య ఏటా ఒక కప్పు పోటీ జరిగేది. ఆ సంవత్సరం చివరి ఆట ప్రొద్దుటూరుకూ పులివెందులకూ, జమ్మలమడుగులో. ఒక్కో జట్టు ఒక్కో అంపైరును తెచ్చుకోవడం మా వైపు ఆచారం. ప్రొద్దుటూరు తరఫున నేను పోయాను. ఆట పెట్టిన ఊరివాళ్లు మధ్యాహ్నం అందరికీ భోజనం పెట్టడం ఇంకో ఆచారం. వట్టి భోజనం కాదు. పూర్ణం పెట్టిన ఓళిగలు, నెయ్యి, చిత్రాన్నం. పెద్దమనుషులు వడ్డిస్తూ "అంపైరుకు ఇంకొకటి వెయ్యండప్పా" అంటుంటే చెయ్యి అడ్డం పెట్టడం మర్యాద కాదనుకునేవాణ్ని.

భోజనానికి లేచేటప్పుడు చాప ముడతలు పడి ఉండటం చూశాను. చాప వేసే కూలీలను పిలిచి, "ముడతలు తీసి కొట్టండి" అని చెప్పి పంక్తిలోకి పోయాను. తిన్నాను. తాంబూలం వేసుకున్నాను. నేను మైదానంలోకి వచ్చేసరికి ఆటగాళ్లు తమ తమ చోట్లలో నిలబడి ఉన్నారు. బౌలరు చేతిలో బంతి ఎగరేస్తున్నాడు. పురికొస నా జేబులోనే ఉంది.

బెత్తెడు

ఓబులేసు గండి దగ్గరి పల్లెవాడు, గొర్రెలు మేపుకునే ఇంటి మనిషి. మందలోంచి పక్కకు తప్పిన గొర్రెకు ముందు రాయి పడేట్టు విసిరి దాన్ని వెనక్కి తిప్పే చెయ్యి అతనిది. ఆ విసురు చూసి పులివెందుల కెప్టెన్ శంకరయ్య, తాలూకా ఆఫీసు గుమాస్తా, అతన్ని ఫీల్డింగుకని జట్టులోకి తీసుకున్నాడు. మిగిలినవాళ్లంతా తెల్ల ప్యాంట్లవాళ్లు. ఓబులేసుకు ప్యాంటు శంకరయ్యే ఇచ్చాడు, పొట్టిది. బ్యాటింగులో అతను చివరివాళ్లలో ఒకడు.

ఆ రోజు చివరివాళ్లే ఆటను నిలబెట్టారు. పులివెందుల వికెట్లు టపటపా రాలిపోతే ఓబులేసు వచ్చి ఒక గంట పాతుకుపోయాడు. అతని ఆటలో అందం లేదు. బంతి వస్తే అడ్డం పెడతాడు, వదులుగా వస్తే బాదుతాడు. ఇంకొక రెండు మంచి దెబ్బలు పడితే కప్పు పులివెందులది. పెన్న వైపు చివర నేను నిలబడి ఉన్నాను. ఓబులేసు బంతిని ముందుకు తోసి నా వైపు పరిగెత్తుకొచ్చాడు. మావాడొకడు బంతి అందుకుని విసిరాడు, నేరుగా వచ్చి వికెట్లకు తగిలింది. ఆ క్షణంలో ఓబులేసు బ్యాటు చాప మీద ఆనించి ఉంది. బ్యాటు కొస గీతను అందుకోలేదు, ఇంకా బెత్తెడు, నాలుగు వేళ్లంత దూరం ఉంది.

స్పష్టంగా చూశాను. వేలెత్తాను. నాకు ఏ అనుమానమూ లేదు. కొత్తవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి: ఆ అనుమానం లేకపోవడమే నా తప్పు.

ఓబులేసు గీతను చూశాడు, వికెట్లను చూశాడు, నన్ను చూశాడు. తల దించుకుని పోయాడు. గట్టు మీద ఎవడో అరిచాడు, "ఒరే, గొర్రెలకు దొడ్డి ఉంటాది, క్రీజుకు గీత ఉంటాది, తెల్దా?" శంకరయ్య ఎదురొచ్చి అందరి ముందరా, "ఇంకో బెత్తెడు పరిగెత్తేదానికి ఏం రోగమొచ్చింది నీకు? నిన్ను ఎక్కించుకోని వచ్చినందుకు నన్ననుకోవల్ల" అన్నాడు. ఆ తరువాత వచ్చినవాడు వెంటనే అవుటయ్యాడు. కప్పు మాకు వచ్చింది.

సాయంత్రం కూలీలు మేకులు పీకుతున్నారు. చాప చుట్టించి బండికి ఎక్కించడం కూడా అంపైరు పనే. పెన్న వైపు చివర, చాప పక్క అంచున నేల మీద పొద్దున మేకులు దిగిన బొక్కలు కనిపించాయి. ఇప్పటి మేకులకు అవి జానెడు అవతల, పిచ్ నడిమి వైపు ఉన్నాయి. "ఉండండప్పా, పీకొద్దండి" అని పురికొస తీశాను. వికెట్ల గుంత నుంచి ముడి దాకా పరిచాను. గీత ముడికి జానెడు లోపల, వికెట్ల వైపు ఉంది.

"ఇదేంది?" అన్నాను.

"నువ్వే గదప్పా ముడతలు తియ్యమంటివి?" అన్నాడు కూలీ. "ఈ తట్టు నుంచి గుంజి కొట్టినాం. బిగుతుగా ఉండాది సూడు."

బ్యాటు గీతకు బెత్తెడు తక్కువ. గీత తన చోటుకు జానెడు తప్పు. అంటే ఓబులేసు సుఖంగా లోపలున్నాడు. నేను గీతను చూశాను. గీత ఎక్కడుందో చూడలేదు. మిల్లులో మధ్యాహ్నం అన్నం తిని వచ్చాక కాటాను మళ్లీ రాళ్లు పెట్టి సరిచూడకుండా ఒక్క బోరా కూడా తూచను. మైదానంలో ఆ బుద్ధి ఏమయింది? ఓళిగల కింద ఉండిపోయింది.

స్కోరు వేరు, పేరు వేరు

పులివెందుల వాళ్ల బస్సు అప్పటికే పోయింది. మా క్లబ్బు సెక్రటరీ వకీలు శేషాచలం కప్పు ఒళ్లో పెట్టుకుని మా బస్సులో ముందు సీటులో కూర్చుని ఉన్నాడు. పోయి చెప్పాను. ఆయన కోర్టులో సాక్షిని అడిగినట్టే అడిగాడు.

"నువ్వేం చూసినావు సుబ్బన్నా?"

"బ్యాటు గీతను అందుకోనిది చూసినా సార్."

"మరి అవుటే గదా."

"గీత ఉండాల్సిన చోట లేదు సార్."

"దాన్ని ఉండాల్సిన చోట ఉంచేది ఎవరి పని? బ్యాట్స్‌మన్ పనా, నీ పనా? ఈ మాట బయటికి పోతే పేరు పోయేది ఎవరికి?"

ఆయన గొంతు తగ్గించి, "నేను శంకరయ్యతో మాట్లాడతాలే. నువ్వు నోరు మూసుకోని కూర్చో" అన్నాడు.

వకీలు ఆ ప్రశ్న సరిగ్గానే వేశాడు. పోయేది నా పేరు. పోవాల్సింది కూడా నా పేరే. అది పోకుండా ఉండటానికి ఓబులేసు పేరు పోయింది. పెద్దాయన మాట్లాడతానన్నాడు కదా అని నెలల తరబడి నోరు మూసుకున్నాను. గీతది మొదటి తప్పయితే ఇది రెండోది. మొదటిదానికైనా ఎండ, తిండి అని సాకులున్నాయి. దీనికి ఏమీ లేవు.

మధ్యలో ఖాదర్ సాయిబు దగ్గరికి పోయి, ఆ నిర్ణయాన్ని మార్చే దారి ఏమన్నా ఉందా అని అడిగాను. పుస్తకం తెరిచి చూపించాడు. అంపైరు తన మాట మార్చుకోవచ్చు, కాని అప్పటికప్పుడే మార్చుకోవాలి.

"ఆ పొద్దే పోయింది సుబ్బన్నా. స్కోరు ఇంక మారదు."

"స్కోరు అట్లే ఉండనీ సార్. మనిషి పేరు అట్లుండొచ్చునా?"

ఆయన పుస్తకం మూసి, "దానికి పుస్తకంలో ఏం రాయలేదు" అన్నాడు. "అది నువ్వే చూసుకోవల్ల."

గండి దగ్గర

శ్రావణ శనివారం గండి ఆంజనేయస్వామి దర్శనానికి పోయాను. నిజం చెప్పాలంటే దర్శనం వంక. కొండ వాలులో, పాపాఘ్ని ఒడ్డు మీద, గొర్రెల మధ్య ఓబులేసు కనిపించాడు. నన్ను గుర్తుపట్టి కూడా లేవలేదు.

"ఈ పక్క ఎట్లొచ్చివప్పా? గొర్రెలకు అంపైరు యాల?"

ఆటకు పోతున్నావా అని అడిగాను. జట్టులోంచి తీసేసి చాలా నెలలైందట. పులివెందుల బస్టాండులో అతను కనిపిస్తే చాలు, "బెత్తెడు ఓబులేసు వచ్చినాడ్రా" అంటారట. సంతలో గొర్రె బేరమాడేవాడు కూడా, "నీ లెక్క ఎప్పుడూ బెత్తెడు తక్కువే గదా" అంటాడట. పెళ్లికని పిల్లను చూడటానికి పోతే ఆ ఇంట్లో కూడా ఎవరో ఆ పేరు పెట్టే పిలిచారట. అతను ఇదంతా గొర్రెలను చూస్తూ చెప్పాడు, ఎవరి సంగతో చెప్పినట్టు. వకీలు శంకరయ్యతో మాట్లాడిన జాడే లేదు.

అప్పుడు చెప్పాను. చాప గుంజిన సంగతి, పురికొస సంగతి, జానెడు సంగతి. "నువ్వు అవుట్ కాదు ఓబులేసూ. తప్పు నాది" అన్నాను.

అతను లేచి నిలబడ్డాడు. కొట్టినా పడదామనుకున్నాను.

"యాడ సెప్తాండావప్పా ఈ మాట? ఈడెవురుండారు ఇనేదానికి, గొర్రెలు తప్ప? ఆ పొద్దు మూడూళ్ల జనం సూచ్చాండంగ యేలెత్తితివి. ఇయ్యాల కొండసాటుకొచ్చి సెవిలో సెప్తాండావు."

"నన్నేం చెయ్యమంటావో చెప్పు. చేస్తా."

అతను కర్ర తీసుకుని మందను తోలుకుని వాలు దిగిపోయాడు. నేను అక్కడే నిలబడి ఉన్నాను. క్షమాపణ చెప్పి వచ్చానని తేలికపడే అవకాశం కూడా అతను నాకు ఇవ్వలేదు. మంచిపని చేశాడు.

ప్రొద్దుటూరు మైదానం

తరువాతి సంవత్సరం. అప్పటికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడి, రాజధాని హైదరాబాదుకు పోయింది. కప్పు పోటీ మా ప్రొద్దుటూరులో. మొదటి ఆట మాకూ పులివెందులకే. మూడూళ్ల జనమూ ఉన్నారు. నేనే అంపైరును.

టాసు అయిపోయింది. రెండు జట్లూ చాప దగ్గరే ఉన్నాయి. నేను జేబులోంచి పురికొస తీసి, వికెట్ల నుంచి చాప మీదికి పరిచి, నిలబడి గట్టిగా చెప్పాను. పోయిన ఏడు జమ్మలమడుగులో మధ్యాహ్నం చాప జరిపించి, గీత కొలవకుండా ఆట మొదలుపెట్టించానని, ఓబులేసు జానెడు జరిగిన గీతకు అవుటయ్యాడే కాని తన తప్పుకు కాదని, బెత్తెడు తక్కువైంది అతని పరుగు కాదు, నా పని అని చెప్పాను.

కొంచెంసేపు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమైనాక శేషాచలం గొడుగు కింద నుంచి లేచి వచ్చాడు.

"ఏంది సుబ్బన్నా ఇది? ఆటస్థలమా, కోర్టా?"

గట్టు మీద నుంచి ఎవడో, "కోర్టయితే మీరింతసేపు ఊరికే నిలబడతారా సార్?" అన్నాడు. జనం గొల్లున నవ్వారు. శంకరయ్య నవ్వలేదు. ముందుకొచ్చి, "అయితే పోయినేటి కప్పు మాదేనా?" అన్నాడు.

"కప్పు సంగతి నేను చెప్పలేనప్పా. స్కోరు మారదు. నువ్వు ఆ పొద్దు ఓబులేసును అన్న మాట మాత్రం మారల్ల."

శంకరయ్య మొహం ఎర్రబడింది. "నువ్వు తప్పు చేసి నన్ను మార్చమంటావా?"

"నా తప్పు నేను చెప్పినా. నీ మాట నువ్వు చూసుకో."

శేషాచలం నా చేతిలోని పురికొస వైపు చూశాడు. "అంపైరు ఏడాది తరువాత ఇట్లా మాట మారిస్తే రేపు ఈ మైదానంలో వేలికి విలువ ఉంటాదా? ఆ కోటు విప్పు" అన్నాడు. విప్పాను. ఇంకెవరో తొడుక్కున్నారు. నేను గట్టు మీద, మొదట ఖాదర్ సాయిబు నన్ను పిలిచిన చోటే కూర్చుని, సాయంత్రం దాకా ఆట చూశాను. ఎవరూ నా పక్కన కూర్చోలేదు. మధ్యాహ్నం చాప మళ్లీ బిగించేటప్పుడు కొత్త అంపైరు వంగి గీతను ఒకసారి చూసి పోయాడు. కొలవలేదు. నాకు లేచి అరవాలనిపించింది. కాని కోటు నా ఒంటి మీద లేదు.

ఆ తరువాత ప్రొద్దుటూరు క్లబ్బు నన్ను పిలవలేదు. జమ్మలమడుగు వాళ్లు కూడా పిలవలేదు. "వాడు మనకు అనుకూలంగా ఇచ్చినా రేపు లేచి తప్పంటాడు" అన్నారని విన్నాను. ఆదివారాలు ఇంట్లో కూర్చున్నాను. నిబంధనల పుస్తకం మొదటి నుంచి మళ్లీ చదివాను, ఈసారి ప్రతి పేజీ తిప్పి.

దిగేవాళ్లకు నాలుగు మాటలు

ఆ ఊరికే కూర్చున్న ఆదివారాల్లో నాకు తట్టినవి ఇవి.

ఆట పెట్టినవాళ్ల ఇంట్లో అన్నం తినకండి. లంచమని కాదు. కడుపు నిండిన మనిషి వంగి గీత కొలవడు. మూటలో పెరుగన్నం తెచ్చుకుని వికెట్ల దగ్గరే కూర్చుని తినండి. నవ్వుతారు. నవ్వనివ్వండి.

పొద్దున సరిచూసింది పొద్దుటికే సరి. ఎవరి చెయ్యి పడినా, ఎంత నమ్మకమైన మనిషి బిగించినా, మళ్లీ కొలవండి. కూలీల మీద తప్పు తొయ్యకండి. వాళ్లు నేను చెప్పిందే చేశారు.

బాగా తెలిసిన నిర్ణయం దగ్గరే కొంచెం ఆగండి. అనుమానం ఉన్నప్పుడు అంపైరు జాగ్రత్తగానే ఉంటాడు. దెబ్బతినేది అనుమానం లేనప్పుడు.

ఇచ్చిన నిర్ణయం మార్చలేకపోవచ్చు. అది ఆటకు అవసరమే, దాని మీద నాకు పేచీ లేదు. నిర్ణయం నిలబడాలి కాబట్టి నిజాన్ని కూడా పాతిపెట్టాలనేవాళ్లతోనే నా పేచీ. శేషాచలం వేలి విలువ అన్నాడు. వేలికి విలువ తెచ్చేది దాని వెనకున్న మనిషి. ఆ మనిషి దాక్కుంటే వేలు వట్టి వేలే.

ఇంకొకటి. తప్పు ఎంత మంది ముందు చేశామో అంత మంది ముందే ఒప్పుకోవాలి. చాటున చెప్పే క్షమాపణ చెప్పేవాడి సుఖం కోసమే. ఇది పుస్తకంలో లేదు. గొర్రెల మధ్య నిలబడి నేర్చుకున్నాను.

కాటా ముందర

చాలా కాలం గడిచింది. పత్తి బండ్లు వరసగా నిలబడి ఉన్న ఒక మధ్యాహ్నం, నేను అన్నం తిని వచ్చి కాటా రాళ్లు పెట్టి సరిచూస్తున్నాను. బండ్ల పక్క నుంచి ఓబులేసు వచ్చాడు, భుజం మీద కంబళి, చేతిలో కర్ర. సంతకు గొర్రెలు తోలుకొచ్చాడట. నేను రాళ్లు దించేదాకా చూస్తూ నిలబడ్డాడు.

"అన్నం తిన్నాంక గూడా సూచ్చావా దీన్ని?"

"రోజూ చూస్తా."

"ఊఁ" అన్నాడు. కంబళి సర్దుకున్నాడు. "నువ్వు మైదానంలో సెప్పింది మా పల్లె దాకా వచ్చిందిలే. శంకరయ్య మా ఇంటికొచ్చి మళ్లా జట్టులోకి రమ్మన్యాడు."

"పోయినావా?"

"పోలా. ఆ పొట్టి ప్యాంటు ఇంగ నేనేసుకోను. గొర్రెలోళ్ల పిల్లోళ్లు, సేద్యం సేసేటోళ్లు కలిసి మేమే ఒక జట్టు కట్టుకున్యాం. బెత్తెడోళ్లు అంటే పులివెందల్లో ఎవురైనా సెప్తారు ఇప్పుడు."

నేను నవ్వాలో వద్దో తెలియక నిలబడ్డాను. ఆ పేరు తెచ్చిపెట్టినవాణ్ని నేనే కదా. చివరికి, గండిలో బదులు రాకుండా మిగిలిపోయిన ప్రశ్నే మళ్లీ అడిగాను. "ఆ పొద్దు అడిగితే నువ్వు చెప్పలేదు ఓబులేసూ. నన్నేం చెయ్యమంటావు? నన్ను క్షమించినావా, లేదా?"

ఓబులేసు కాటా ముల్లు వైపు చూశాడు. అది నిలకడగా నడిమధ్యలో ఉంది. తరువాత నా వైపు చూసి చెప్పాడు:

"ఆ మాటలు నాకు రావప్పా. పై ఆదివారం పులివెందల్లో మాకు ఆటుండాది. అంపైరు ల్యాడు. నీ పురికొస ఎత్తుకోని రా. పొద్దున కొలుచు, అన్నం తిన్నాంక గూడా కొలుచు. ఆమీట నేను అవుటయితే, యేలెత్తు."